ప్రణాళికలో లేని ఉద్యానము

1947 దేశవిభజనలో లాహోరు పాకిస్థానమునకు పోవుటచే తూర్పు పంజాబునకు రాజధాని లేకపోయెను. శివాలిక్ కొండల పాదమున నూతన నగరము నిర్మింపవలెనని నిశ్చయించిరి. మొదట అమెరికా వాస్తుశిల్పి ఆల్బర్ట్ మేయరు ప్రణాళిక సిద్ధపఱచెను; 1951లో ఆ కార్యము లె కార్బూజియే చేతికి వచ్చెను. ఆయన నగరమును సెక్టారులుగా విభజించి, దానికి శిరస్సువలె సచివాలయమును, శాసనసభను, ఉన్నత న్యాయస్థానమును పూతలేని కాంక్రీటుతో నిలిపెను. వాని వెనుక కొండలు, ఆకాశము తప్ప మఱేమియు కనబడరాదని ఆయన సంకల్పము. అందుచే ఆ దిక్కున కట్టడములు నిషేధింపబడెను.

ఆ నేల వట్టి బయలు కాదు. తోపులతో, బావులతో, మట్టియిండ్లతో 20కి పైగా గ్రామములు అచ్చట నుండెను. నగరము కొఱకు అవి లేచిపోయెను. ప్రణాళికా పటములు భద్రముగా నున్నవి. ఆ యిండ్ల పెంకులు, పగిలిన కుండలు ఏమైనవో విచారించినవారు అరుదు. విచారించినవాడు ప్రజాపనుల శాఖలోని ఒక రోడ్డు ఇన్‌స్పెక్టరు.

నేక్ చంద్ సైనీ 1924లో షకర్‌గఢ్ ప్రాంతపు పల్లెలో రైతుబిడ్డగా జన్మించెను. విభజనలో ఆ ప్రాంతము పాకిస్థానమునకు పోయెను. సొంత ఊరు పోగొట్టుకొని వచ్చినవానికి, ఇతరుల ఊళ్లు తొలగించిన చోటనే కొలువు దొరకెను. 1958 ప్రాంతమున సుఖ్నా చెఱువు దాపున, ఆ నిషిద్ధపు అడవిలో, ఆయన ఒక లోయను శుభ్రము చేసికొనెను. పగలు ఉద్యోగము, ప్రొద్దు గ్రుంకిన పిమ్మట సైకిలుపై రాళ్లు మోయుట. ఏటిలో దొరకిన రాయి పక్షివలె తోచిన పక్షిగానే, మనిషివలె తోచిన మనిషిగానే నిలుపువాడు, ఉలి తాకింపడు. పిదప విరిగిన పింగాణి, గాజుముక్కలు, పనికిరాని విద్యుత్సామగ్రి, కొలిమి చిట్టెము సిమెంటులో పొదిగి విగ్రహములు చేసెను. స్త్రీలు, కోతులు, నెమళ్లు బారులు తీరెను.

ఇట్లు సుమారు 18 సంవత్సరములు గడచెను. సర్కారు కొలువులో ఒక రహస్యమును 18 దినములు దాచుట యెంత కష్టమో ఈ సంచిక చదువువారికి చెప్పనక్కరలేదు! ఆ అడవిని కాపాడినది ప్రణాళికలోని నిషేధమే. ఆ నిషేధము లేకున్న అచ్చట ఏ బంగళాయో వెలసియుండెడిది. తోటకు చోటే దొరకకపోయెడిది.

1970ల మధ్య సంగతి బయటపడెను. అప్పటికే తోట సుమారు 12 ఎకరములకు వ్యాపించెను. ప్రభుత్వభూమిలో ప్రభుత్వోద్యోగియే చేసిన అక్రమ నిర్మాణము! నిబంధనల ప్రకారము కూల్చవలసినదే. కాని చూడవచ్చిన జనము మెచ్చిరి, అధికారులలోను సహృదయులుండిరి. 1976లో తోట ప్రజలకు తెఱువబడెను. దండనకు పాత్రుడైన ఉద్యోగికి జీతముతో ఆ తోటపైననే అధికారము, 50 మంది పనివారు లభించిరి. ప్రభుత్వ దస్త్రములలో ఇట్టి ముగింపు తఱచుగా కానరాదు.

ఇరువురును వాడినది సిమెంటే. కార్బూజియే భవనములు దూరమునుండి చూడదగినవి. విశాలమైన బయలు దాటి కన్ను వానిని చేరును. నేక్ చంద్ తోటలో దారి యిఱుకు, మలుపు వెనుక ఏమున్నదో తెలియదు. తలవంచనిదే లోనికి పోనీయని ద్వారములు పెక్కు. కార్బూజియే కొండను చిత్రపటమువలె వెనుక నిలిపెను. నేక్ చంద్ లోయలోనికి దిగి, నీటితో, వేళ్లతో, వాలుతో పొత్తు కుదుర్చుకొనెను. ఒకరిని మెచ్చుటకై మఱియొకరిని నిందింప నక్కరలేదు. అయినను తీసివేసిన ఊళ్ల స్మృతి నిలిచినది రెండవవాని చేతనే.

1984లో ఆయనకు పద్మశ్రీ లభించెను. గౌరవము వేఱు, రక్షణ వేఱు. 1990 ప్రాంతమున బుల్డోజర్లు రాగా పౌరులు చేతులు కలిపి అడ్డు నిలిచిరి. 1996లో ఆయన విదేశములలో నుండగా దుండగులు విగ్రహములను పగులగొట్టిరి. 2015 జూన్‌లో ఆయన కన్నుమూసెను. మఱుసటి యేడు కార్బూజియే భవనసముదాయము యునెస్కో ప్రపంచ వారసత్వ పట్టికలో చేరెను. ప్రక్కనున్న తోట ఆ హద్దులలోనికి రాలేదు.

2025 మార్చిలో ఉన్నత న్యాయస్థానము వద్ద రహదారి వెడల్పునకు, వాహనములు నిలుపుటకు చోటు కావలసివచ్చి, తోట గోడలో కొంత భాగము కూల్చివేసిరి. నగరవాసులు మఱల గుమిగూడి నిరసన తెలిపిరి. ఈ పర్యాయము గోడ నిలువలేదు.