కల్లుకుండ నుంచి సారా సీసా దాకా

ఆదివాసీల గురించి రాసిన బయటివాళ్లు చాలామంది 'వీళ్లు తాగుబోతులు' అని ఒక మాట రాసిపోయారు. ఆ మాటకు కోపం తెచ్చుకుని ఊరుకుంటే లాభం లేదు. మనం ఏం తాగేవాళ్లం, అది ఎవరి చేతిలోకి పోయింది, ఇప్పుడు మన ఒంటిని ఏం చేస్తున్నది అన్నది మనమే తెలుసుకోవాలి.

కోయలకు, కొండరెడ్లకు జీలుగు కల్లు, తాటి కల్లు ఉండేవి. గోండులకు ఇప్పచెట్టు ఉండేది. ఇప్పపువ్వు మనకు ముందు తిండి. ఎండబెట్టి దాచుకుని, గింజలు లేని రోజుల్లో ఉడికించుకుని తిన్నాం. సారా కాచినా మొదటి చుక్క దేవుళ్లకు, పెద్దలకు. పెళ్లికీ పండుగకూ చావుకూ నలుగురం కలిసి తాగేవాళ్లం. కల్లు చెట్టు పారినన్నాళ్లే. దాంట్లో మత్తు నూటికి 5 పాళ్లకు అటూఇటూ.

చెట్టు మీద సర్కారు కన్ను పడ్డాక కథ మారింది. గోదావరి ఏజెన్సీలో రంప మన్సబుదారు కల్లుగీత మీద 'చిగురుపన్ను' వేశాడు. ఇంగ్లీషువాళ్ల ఆబ్కారీ చట్టం వచ్చి, ఇంటి అవసరానికి కల్లు గీసుకోవడమే నేరమన్నది. గీత హక్కు కౌలుదార్ల పాలైంది. 1879లో రంప తిరగబడడానికి ఇది ఒక ముఖ్య కారణం. కారం తమ్మన్న దొర ఆ పోరాటం నడిపినవారిలో ఒకరు. ఆ తిరుగుబాటు తాగుడు కోసం జరిగింది కాదు, చెట్టు మీద హక్కు కోసం జరిగింది. నలభై ఏళ్ల తర్వాత అదే మన్యంలో అల్లూరి సీతారామరాజు 1922 పోరాటానికి ముందు ఊరూరా తిరిగి తాగుడు మానమని చెప్పాడు. హక్కు కోసం పోరాడడం, మత్తును వదలడం రెండూ మన చరిత్రలోనివే.

స్వాతంత్ర్యం వచ్చాకా దుకాణం పోలేదు. గిరిజన ప్రాంతాల్లో సారా వ్యాపారం ఆపాలని కేంద్ర ప్రభుత్వం 1970ల మధ్యలోనే రాష్ట్రాలకు చెప్పింది. అయినా సారా పాకెట్టు కొండెక్కింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన పోరాటంతో 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. 1995లో పూర్తి మద్యనిషేధం వచ్చి, 1997లో సడలిపోయింది.

ఇప్పుడు చేతికొచ్చే సీసాలో మత్తు నూటికి 42.8 పాళ్లు. కల్లులా గుక్కలు గుక్కలుగా తాగే సరుకు కాదు. రోజూ తాగితే కాలేయానికి ముందు కొవ్వు పడుతుంది, తర్వాత వాస్తుంది, చివరకు గట్టిపడుతుంది. కళ్లు పచ్చబడడం, పొట్టలో నీరు చేరడం, రక్తం కక్కడం అప్పటి గుర్తులు. నోటి, గొంతు, కాలేయం క్యాన్సర్లకు మద్యం ఒక కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. తాగేవారికి క్షయ తొందరగా సోకుతుంది. గర్భిణి తాగితే కడుపులో బిడ్డ మెదడు దెబ్బతింటుంది. కల్తీసారాలో మిథనాల్ కలిస్తే చూపు పోతుంది, ప్రాణమూ పోతుంది. మత్తుమందు కలిపిన కల్లు ఒక్కసారిగా మానితే మూర్ఛలు వస్తాయి. ఏళ్ల తరబడి తాగినవారు చేతులు వణికి, లేనివి కనబడుతున్నాయంటే అది దయ్యం పట్టడం కాదు. అది జబ్బు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఒక మనిషి మంచానపడితే పోడు బీడవుతుంది. అప్పుకు భూమి చేయి మారుతుంది. పిల్లల బడి ఆగిపోతుంది.

మన చేతిలో ఒక చట్టం ఉంది. 1996 పెసా చట్టం ఐదో షెడ్యూలు ప్రాంతాల్లో మద్యం అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే, కట్టడి చేసే అధికారం గ్రామసభకు, పంచాయతీకి ఉండాలన్నది. ఊళ్లో బెల్టుషాపు ఉండాలా వద్దా అని గ్రామసభలో అడగడానికి యువకులు, యువతులు ముందుకు రావాలి. పంతుళ్లు ఈ చరిత్రను బడిలో చెప్పాలి. ఉట్నూరులో మన ఆడవాళ్లు ఇప్పపువ్వుతో లడ్డూలు చేసి అమ్ముతున్నారు. చెట్టు మనదే. దాని పువ్వును మళ్లీ తిండిగా చేసుకోవడమూ మన చేతుల్లోనే ఉంది.