టీడీపీకి ఎంపీలు ఎంతమంది? రాజమండ్రి ఎంపీ ఏ పార్టీ? ఎక్కువమంది అడిగే ప్రశ్నలు.. జవాబులు

రాజమహేంద్రవరం: కేంద్రంలో ఎన్డీయే ప్రభుత్వానికి టీడీపీ ఎంపీల మద్దతు ఉందని రోజూ వింటున్నాం. మరి ఆ ఎంపీలు ఎంతమంది? వాళ్లలో గోదావరి జిల్లాల వాళ్లు ఎవరు? ఏదైనా పని పడితే ఎవరి దగ్గరికి వెళ్లాలి? ఈ విషయాల్లో చాలామందికి క్లారిటీ లేదు. ఒక్కొక్కటిగా చూద్దాం.

లోక్‌సభలో టీడీపీ బలం ఎంత?

2024 ఎన్నికల్లో ఏపీలోని 25 లోక్‌సభ సీట్లలో టీడీపీ 16 గెలిచింది. కూటమిలోని బీజేపీకి 3, జనసేనకు 2 వచ్చాయి. మిగిలిన 4 వైసీపీవి. లోక్‌సభలో టీడీపీ పక్ష నేతగా నరసరావుపేట ఎంపీ లావు శ్రీకృష్ణదేవరాయలు ఉన్నారు.

రాజమండ్రి ఎంపీ టీడీపీ కాదా?

కాదు. దగ్గుబాటి పురందేశ్వరి బీజేపీ ఎంపీ. పొత్తులో ఈ సీటు బీజేపీకి వెళ్లింది. కన్ఫ్యూజన్‌కు కారణం కూడా పొత్తే. ఈ లోక్‌సభ స్థానం కిందకు వచ్చే ఏడు అసెంబ్లీ సీట్లలో రాజమండ్రి సిటీ, రూరల్, కొవ్వూరు, గోపాలపురం టీడీపీవి. రాజానగరం, నిడదవోలు జనసేనవి. అనపర్తి ఒక్కటే బీజేపీది. అంటే 2024 మే 13న సిటీలో కూటమికి ఓటేసిన వాళ్లు అసెంబ్లీకి సైకిల్, పార్లమెంటుకు కమలం గుర్తు నొక్కారన్నమాట.

మరి గోదావరి జిల్లాల్లో టీడీపీ ఎంపీలు ఎవరు?

ఇద్దరు. అమలాపురం నుంచి గంటి హరీష్ మాధుర్, ఏలూరు నుంచి పుట్టా మహేష్ కుమార్. కాకినాడలో జనసేన నుంచి తంగెళ్ల ఉదయ్ శ్రీనివాస్, నరసాపురంలో బీజేపీ నుంచి భూపతిరాజు శ్రీనివాసవర్మ గెలిచారు. హరీష్ తండ్రి జీఎంసీ బాలయోగి కూడా అమలాపురం ఎంపీనే. 1998లో లోక్‌సభ స్పీకర్ అయ్యారు. ఆ పదవిలో ఉండగానే 2002 మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదంలో మరణించారు.

కేంద్ర మంత్రులు ఎంతమంది?

టీడీపీ నుంచి ఇద్దరు. శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు పౌర విమానయాన శాఖ కేబినెట్ మంత్రి. గుంటూరు ఎంపీ పెమ్మసాని చంద్రశేఖర్ గ్రామీణాభివృద్ధి, కమ్యూనికేషన్ల శాఖల సహాయ మంత్రి. మధురపూడి ఎయిర్‌పోర్టు నుంచి కొత్త విమానం కావాలంటే అడగాల్సింది విమానయాన శాఖను. మన తరఫున ఆ శాఖను అడగాల్సింది రాజమండ్రి ఎంపీ.

టీడీపీ తప్పుకుంటే కేంద్ర ప్రభుత్వం పడిపోతుందా?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. లెక్క చూద్దాం. మెజారిటీకి 272 కావాలి. 2024 ఫలితాల్లో బీజేపీకి 240, మొత్తం ఎన్డీయేకు 293 వచ్చాయి. టీడీపీ 16 తీసేసినా 277 ఉంటారు. అంటే టీడీపీ ఒక్కటే వెళ్లిపోతే ప్రభుత్వం పడదు. దాంతోపాటు 12 మంది ఎంపీలున్న జేడీయూ కూడా బయటకు వస్తే 265కు పడిపోతుంది. అందుకే ఈ రెండు పార్టీల గురించి అంత చర్చ.

గతంలో టీడీపీ ఎన్డీయే నుంచి బయటకు వచ్చింది కూడా. ప్రత్యేక హోదా విషయంలో మోదీ ప్రభుత్వంపై అవిశ్వాస తీర్మానం పెట్టింది. 2018 జులై 20న ఓటింగ్ జరిగితే తీర్మానానికి అనుకూలంగా 126, వ్యతిరేకంగా 325 ఓట్లు వచ్చాయి. తీర్మానం వీగిపోయింది.

ఎంపీ సొంతంగా పార్టీ మారొచ్చా?

మారితే పదవి పోయే ప్రమాదం ఉంది. పార్టీ విప్ జారీ చేశాక దానికి వ్యతిరేకంగా ఓటేసినా అంతే. 1985లో వచ్చిన ఫిరాయింపుల చట్టం చెప్పేది ఇదే. మూడింట రెండొంతుల మంది కలిసి వేరే పార్టీలో విలీనమైతే మాత్రం మినహాయింపు ఉంది. 2019 జూన్‌లో జరిగింది అదే. అప్పుడు రాజ్యసభలో టీడీపీకి ఆరుగురు ఉంటే నలుగురు బీజేపీలో విలీనమయ్యారు. ఇప్పుడు లోక్‌సభలోని 16 మందిలో అలా జరగాలంటే కనీసం 11 మంది కావాలి.

రాజ్యసభలో పరిస్థితి ఏంటి?

రాజ్యసభ సభ్యులను ఎన్నుకునేది ఎమ్మెల్యేలు. అందుకే అసెంబ్లీలో బలం తగ్గితే ఆ ప్రభావం ఇక్కడ పడుతుంది. 2024 ఏప్రిల్‌లో టీడీపీకి రాజ్యసభలో ఒక్కరూ లేకుండా పోయారు. అసెంబ్లీలో గెలిచాక, అదే ఏడాది డిసెంబర్‌లో బీద మస్తాన్‌రావు, సానా సతీష్ ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. అక్కడ రెండేళ్లకోసారి ఖాళీలు వస్తుంటాయి కాబట్టి ఈ సంఖ్య మారుతూ ఉంటుంది.

మా ఊరికి రోడ్డు కావాలంటే ఎంపీ ఏం చేయగలరు?

ఎంపీ ల్యాడ్స్ కింద ఒక్కో ఎంపీకి ఏడాదికి రూ.5 కోట్లు కేటాయిస్తారు. ఆ డబ్బు ఎంపీ చేతికి రాదు. ఫలానా పని చేయండి అని ఎంపీ సిఫార్సు చేస్తారు, పని చేయించేది జిల్లా యంత్రాంగం. కాబట్టి ఎంపీ ఆఫీసులో అర్జీ ఇచ్చి ఊరుకోకండి. సిఫార్సు కలెక్టరేట్‌కు చేరిందో లేదో కనుక్కోండి.

కేంద్రీయ విద్యాలయ సీటుకు ఎంపీ లెటర్ పనికొస్తుందా?

రాదు. ఎంపీ కోటాను 2022లోనే తీసేశారు. ఎంపీ లెటర్‌తో సీటు ఇప్పిస్తామని ఎవరైనా డబ్బులు అడిగితే నమ్మొద్దు.

చివరిగా.. కూటమిలో ఏ పార్టీ ఎంపీలు ఎంతమంది అన్నది ఢిల్లీ లెక్క. మీ అర్జీ వరకు వస్తే, మీరు ఏ పార్టీకి ఓటేసినా, మీ నియోజకవర్గంలో గెలిచిన వారే మీ ఎంపీ. సభకు ఎన్ని రోజులు వచ్చారు, ఏం ప్రశ్నలు అడిగారు అనేది పార్లమెంటు వెబ్‌సైట్‌లో చూడొచ్చు. అయితే మంత్రులు సభలో ప్రశ్నలు అడగరు, జవాబులు చెబుతారు. కాబట్టి మంత్రిగా ఉన్న ఎంపీ పేరు మీద ప్రశ్నలు కనిపించకపోతే అది తప్పేం కాదు.