తూకం మనదే, తక్కెడ ఎవరిది?
(పెద్ద వయసులో బరువు లెక్క వెనుక ఉన్న చరిత్ర)

ప్రత్యేక సంచికకు ఆరోగ్యం మీద ఒక వ్యాసం కావాలని మన సంఘం కార్యవర్గ మిత్రులు అడిగారు. మందుల సంగతి డాక్టర్లు రాస్తారు, లెక్కల సంగతి నేను రాస్తానని ఒప్పుకున్నాను. ముప్పై ఏళ్లకు పైగా సర్కారు ఆఫీసుల్లో రిజిస్టర్లు రాసినవాణ్ణి. ఒక అంకె కనబడితే అది ఎక్కడినుంచి వచ్చింది, ఎవరు వేశారు, ఏ పనికోసం వేశారు అని పాత ఫైలు తిరగేసి చూడటం గుమాస్తా బుద్ధి.

ఈమధ్య పెన్షనర్ల ఇళ్లలో తరచుగా వినబడే అంకె బీఎంఐ. మనవడు ఫోనులో ఎత్తు, బరువు కొట్టి “తాతా, నువ్వు ఓవర్ వెయిట్” అంటాడు. మర్నాటి నుంచి తాత రాత్రి భోజనం మానేస్తాడు. అటుపక్క అమ్మమ్మ చీర జారిపోయేంతగా చిక్కిపోయినా “సన్నగా ఉండటమే మంచిది” అని ఇంట్లో అందరూ ఊరుకుంటారు. డెబ్బై దాటిన మనిషి ఆ అంకెను ఎంతవరకు నమ్మాలి? దాని చరిత్ర తెలిస్తే జవాబు కూడా దొరుకుతుంది.

మన పాత తూకాలు

మా బిచ్కుంద ప్రాంతం మంజీరకు పడమటి వైపు నల్లరేగడి నేల. జొన్న రొట్టె, పప్పు, పచ్చిమిరపకాయ కారం మా తిండి. నా చిన్నతనంలో ధాన్యాన్ని సోల, తవ్వ, మానికలతో కొలిచేవారు. బెల్లం, పత్తి తక్కెడలో తూచేవారు. మనిషిని తూచే పనే ఉండేది కాదు. 1956లో తూనికలు, కొలతల చట్టం వచ్చి, 1958 నుంచి కిలోలు మెల్లమెల్లగా అంగళ్లలోకి వచ్చాయి. అంతవరకు సేర్లు, మణుగులే.

మనిషిని తూచేది దేవుడి పనికే. రాజులు తులాపురుష దానమని తమ ఎత్తు బంగారం తూచి పంచినట్టు శాసనాలు చెబుతాయి. సామాన్యులకు బెల్లమే బంగారం. మేడారం సమ్మక్క సారలమ్మ జాతరలో నిలువెత్తు బంగారమని మనిషి బరువుకు సరితూగే బెల్లం మొక్కు చెల్లించడం నేటికీ ఉంది. మా తల్లుల తరంలో మొదటిసారి కాటా ఎక్కింది ఇలాంటి మొక్కుకేనన్నవారు ఎంతోమంది ఉంటారు. ఆ తరవాత రైల్వే స్టేషన్లలో రంగురంగుల దీపాల మిషన్ వచ్చింది. నాణెం వేస్తే చిన్న అట్టముక్క పడేది. ఒకవైపు బరువు, రెండోవైపు జాతకం! జనం జాతకమే ముందు చదివేవారు.

అయితే పెద్దలకు కాటా లేకపోయినా కన్ను ఉండేది. ఎవరైనా చాలా రోజులకు కనబడితే మొదటి మాట “ఏందే, గింత బక్కగైనవ్? పాణం మంచిగ లేదా?” అనేది. ఒళ్లు చేస్తే మెచ్చుకునేవారు. కరువులు చూసిన తరం కాబట్టి అలా అనుకున్నారనుకుంటాం. కాని ఆ పలకరింపులో ఇంకో తెలివి ఉంది. వాళ్లు మనిషిని ఏ పట్టికతోనూ పోల్చలేదు, నిరుటి ఆ మనిషితోనే పోల్చారు. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

బెల్జియం నుంచి బీమా కంపెనీ దాకా

ఎత్తును బట్టి బరువు చూడటం వైద్యుడు మొదలుపెట్టింది కాదు. బెల్జియం దేశస్థుడు అడాల్ఫ్ కెటలే (1796–1874) ఖగోళ శాస్త్రజ్ఞుడు, గణాంకాల మనిషి. సగటు మనిషి ఎలా ఉంటాడో లెక్కల్లో పట్టుకోవాలని ఆయన తాపత్రయం. పెద్దవాళ్లలో బరువు దాదాపు ఎత్తు వర్గాన్ని అనుసరించి ఉంటుందని 1830లలో ఆయన చూపాడు. అంటే కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. ఒక మనిషి ఆరోగ్యం తేల్చడానికి ఆయన ఈ సూత్రం చెప్పలేదు. జనాభాను వర్ణించడానికి చెప్పాడు.

తరవాత దీన్ని పట్టించుకున్నవారు బీమా కంపెనీలవారు. ఎవరు ముందు పోతారో తెలిస్తేనే కదా వారికి ప్రీమియం కుదిరేది! అమెరికాలో మెట్రొపాలిటన్ లైఫ్ అనే కంపెనీ తన పాలసీదారుల లెక్కలు చూసి 1942–43లో ఆదర్శ బరువు పట్టికలు వేసింది. 1959లో, 1983లో వాటిని సవరించింది. అవి పాలసీ కొనగలిగిన అమెరికన్ల లెక్కలు. బూట్లు, బట్టలతో సహా కొలిచిన లెక్కలు. లోకమంతటా డాక్టర్ల గోడలమీద ఉన్న పట్టికల్లో చాలావాటికి మూలం ఇదే. మనకూ బీమా ఫారం కొత్త కాదు. నిజాం ప్రభుత్వం 1907లోనే తన ఉద్యోగులకు బీమా పథకం పెట్టింది. మన జీతంలో నెలనెలా కోతపడిన ఏపీజీఎల్ఐ దాని వారసత్వమే. 1956లో ఎల్ఐసీ వచ్చాక ఎత్తు, బరువు, ఛాతీ, పొట్ట కొలతలు రాయించుకున్నవారు మనలో చాలామంది.

1972లో ఆన్సెల్ కీస్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు రకరకాల సూత్రాలను పోల్చి, కెటలే లెక్కకే బాడీ మాస్ ఇండెక్స్ అని పేరుపెట్టారు. అదే బీఎంఐ. 1990లలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 18.5 నుంచి 24.9 వరకు మామూలు బరువని గీత గీసింది.

మన హైదరాబాదులో, పొరుగున పుణెలో

ఈ కథలో మన రాజధానికీ భాగం ఉంది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్కారిసన్ ఒక చిన్న గదిలో మొదలుపెట్టిన పరిశోధన 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఉస్మానియా పక్కన తార్నాకలో ఉన్నది అదే. దాన్ని ఏళ్ల తరబడి నడిపిన డాక్టర్ సి. గోపాలన్ కూడా 1918లోనే పుట్టారు. నూరేళ్లు నిండాక 2019లో కన్నుమూశారు. ఈ సంస్థ ఆధ్వర్యంలో 1972లో ఏర్పడిన పోషకాహార పర్యవేక్షణ విభాగం మన రాష్ట్రంతో సహా ఎన్నో రాష్ట్రాల పల్లెల్లో జనాన్ని తూచి, కొలిచింది. అప్పటి ప్రధాన సమస్య తక్కువ బరువే.

ఇప్పుడు రెండూ ఒకే వాకిట్లో ఉన్నాయి. 2017–18లో దేశమంతటా 45 ఏళ్లు దాటిన 72 వేలకు పైగా జనంతో లాసీ అనే పెద్ద సర్వే జరిగింది. అందులో 60 దాటినవారిలో నాలుగోవంతుకు పైగా తక్కువ బరువుతో, ఐదోవంతుకు పైగా ఎక్కువ బరువుతో ఉన్నట్టు తేలింది. కాబట్టి “ముసలివాళ్లందరూ బరువు తగ్గాలి” అనే మాట మన దేశానికి అతకదు.

అలాగని నిర్లక్ష్యమూ పనికిరాదు. పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ తనదీ, ఇంగ్లండు డాక్టర్ జాన్ యడ్కిన్‌దీ ఫొటో 2004లో లాన్సెట్ పత్రికలో వేయించారు. ఇద్దరి బీఎంఐ సరిగ్గా 22.3. కాని ఒంట్లో కొవ్వు యడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. మన భారతీయులు సన్నగా కనబడుతూనే లోపల, ముఖ్యంగా పొట్టలో, కొవ్వు దాచుకుంటారని దీని సారాంశం. అందుకే 2009లో మన దేశపు డాక్టర్లు కూర్చుని 23 దాటితే అధిక బరువని, 25 నుంచి ఊబకాయమని నిర్ణయించారు. నడుము కొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటరాదన్నారు.

వయసు మళ్లాక మారే లెక్క

ఈ గీతలు పెద్దవాళ్లందరికీ కలిపి గీసినవి. డెబ్బై దాటాక మూడు సంగతులు మారతాయి.

మొదటిది ఎత్తు. వెన్నుపూసలు అణిగి మనం పొట్టివాళ్లమవుతాం. 165 సెంటీమీటర్ల ఎత్తు, 62 కిలోల బరువు ఉన్న మనిషి బీఎంఐ 22.8. ఆయనే ముసలితనంలో 161కి దిగితే అదే 62 కిలోలకు 23.9 అవుతుంది. తులం కూడా పెరగకుండానే అధిక బరువు జాబితాలో పేరు ఎక్కుతుంది!

రెండోది కండ. వయసుతో కండ కరిగి ఆ చోట కొవ్వు చేరుతుంది. 1980ల చివర శాస్త్రజ్ఞులు దీనికి సార్కోపీనియా అని పేరుపెట్టారు. కాటా కండనూ కొవ్వునూ వేరుచేసి చెప్పదు. తిండి మానేసి బరువు తగ్గితే కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది. అప్పుడు మనిషి పడతాడు, తుంటి ఎముక విరుగుతుంది, మంచం పడతాడు.

మూడోది ముప్పు ఉన్న దిక్కు. 2014లో అచ్చయిన ఒక పెద్ద పరిశీలనలో 65 దాటిన సుమారు 1,98,000 మంది లెక్కలు కలిపి చూశారు. బీఎంఐ 23 కంటే కిందికి పోయినకొద్దీ మరణాల ముప్పు పెరిగింది. 25 దాటి కొంచెం బొద్దుగా ఉన్నవారిలో అలా పెరగలేదు. అందులో ఎక్కువమంది పాశ్చాత్యులు కాబట్టి ఆ అంకెలను మనకు ఉన్నవి ఉన్నట్టు అంటించుకోలేం. యాజ్ఞిక్ గారి ఫొటోను మరవకూడదు. కాని ముసలితనంలో చిక్కిపోవడాన్ని తేలిగ్గా తీసుకోకూడదన్నది మాత్రం అందరికీ వర్తిస్తుంది.

నాతో కలిసి పనిచేసిన ఒక మిత్రుడి సంగతి చెబుతాను. పేరు అవసరం లేదు. ఏడాదిలో ఏడు కిలోలు తగ్గాడు. పెన్షనర్ల సమావేశానికి వస్తే “వాకింగ్ ఫలించింది, కుర్రవాడివయ్యావు” అని చాలామంది మెచ్చుకున్నారు. ఆయనా మురిసిపోయాడు. ఊరినుంచి వచ్చిన ఆయన అక్క మాత్రం గడపలోనే నిలబడి “తమ్మీ, గిట్లెందుకైనవ్? తింటలేవా?” అని కంటనీరు పెట్టుకుని, మర్నాడే దవాఖానకు తీసుకుపోయింది. క్షయ అని తేలింది. ఆరు నెలల మందులతో కోలుకుని ఇప్పుడు తిరుగుతున్నాడు. అక్క అడిగింది పాతకాలపు పలకరింపే. డాక్టర్లు నేడు చెప్పేదీ అదే. కావాలని తగ్గకుండా ఆరు నెలలు, ఏడాదిలో ఒంటి బరువులో నూటికి 5 వంతులు పోతే, అంటే 60 కిలోల మనిషి 3 కిలోలు తగ్గితే, కారణం వెతకాలి. షుగర్, థైరాయిడ్, క్షయ, క్యాన్సర్, పళ్లు లేక తినలేకపోవడం, జతగాడో జతగత్తో పోయిన దిగులు, వాడే మందులు, ఏదైనా కావచ్చు.

మన రిజిస్టరు మనమే రాసుకుందాం

కాబట్టి మిత్రులకు నా మనవి ఇది. ఎవరో గీసిన గీతకంటే మన సొంత రికార్డు మేలు. నెలకొకసారి, ఒకే కాటామీద, పొద్దున్నే, తిండికి ముందు బరువు చూసి తేదీ వేసి రాయండి. మూడు నెలలకొకసారి చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య, ఊపిరి వదిలాక నడుము కొలవండి. బరువు నిలకడగా ఉండి నడుము పెరుగుతుంటే కండ పోయి కొవ్వు చేరుతున్నదేమోనని అనుమానించాలి. చేతులు ఛాతీకి కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోండి. పక్కన ఎవరైనా ఉండాలి సుమా. ఆసియా నిపుణులు 2019లో పెట్టిన హద్దు 12 సెకన్లు. అంతకు మించితే కాళ్లలో బలం తగ్గిందని అర్థం.

రెండు మూడు రోజుల్లోనే రెండు కిలోలు పెరిగి పాదాలు వాస్తే అది కొవ్వు కాదు, నీరు. గుండెజబ్బు ఉన్నవారు వెంటనే డాక్టరును కలవాలి. షుగర్ వల్లో, మోకాళ్ల వల్లో డాక్టరు తగ్గమంటే తగ్గండి. కాని పస్తులతో వద్దు. అన్నం కాస్త తగ్గించి పప్పు, పెరుగు, పాలు, గుడ్డు తగ్గకుండా చూసుకుని, నడకతోపాటు కండకు పని చెప్పే వ్యాయామం చేస్తూ తగ్గాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు పప్పు, గుడ్డు ఎంత తినాలో డాక్టరునే అడగాలి.

ఉద్యోగంలో ఉన్నంతకాలం మన సర్వీసు బుక్కులో ఇంక్రిమెంట్లు, సెలవులు అన్నీ ఎక్కాయి. ఒంటి బరువు ఎక్కే పుస్తకం మాత్రం ఎవరికీ లేదు. నెలనెలా మన సంఘం సమావేశానికి వచ్చేవారికోసం ఒక కాటా, ఒక టేపు, ఒక రిజిస్టరు ఏర్పాటు చేస్తే బాగుంటుందని కార్యవర్గానికి ప్రతిపాదిస్తున్నాను. ఖర్చు పెద్దది కాదు. రిజిస్టరు రాసే పని నాకు అప్పగించండి. గీతలు కొట్టి, పేజీ నంబర్లు వేసి సిద్ధంగా ఉంచుతాను. రాలేని సభ్యుల ఇళ్లకు వెళ్లినప్పుడు మనలో ఎవరైనా సరే, చిక్కిపోయిన మనిషిని మెచ్చుకునే ముందు “తింటున్నారా?” అని ఒక్కమాట అడగాలని కోరుతున్నాను.