లింఫోసిస్టిస్

లింఫోసిస్టిస్ చేపల చర్మానికి, రెక్కలకు సోకే వైరస్ జబ్బు. దీనికి కారణం ఇరిడోవిరిడే కుటుంబానికి చెందిన వైరస్. యూరప్ తీరంలోని ఫ్లౌండర్ చేపల్లో ఈ జబ్బు వల్ల వచ్చే గడ్డలను 1874లో వర్ణించారు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద వైరస్ కంటపడింది మాత్రం 1960లలోనే. మంచినీటివీ సముద్రపువీ కలిపి వందకు పైగా జాతులకు ఇది వస్తుంది. ఇళ్లలో పెంచేవాటిలో సిక్లిడ్లు, గౌరామీలు, గ్లాస్ ఫిష్, క్లౌన్ ఫిష్ తరచుగా దీని బారిన పడతాయి. గోల్డ్‌ఫిష్, కోయి లాంటి కార్ప్ జాతుల్లో సాధారణంగా కనబడదు. వాటికి వచ్చే కార్ప్ పాక్స్ అనే జబ్బుకు కారణం వేరే వైరస్.

వైరస్ చొరబడిన కణం విభజన చెందదు, ఉబ్బుతూ పోతుంది. ఒక్కో కణం మామూలు కంటికి ఆనేంత పెద్దదవుతుంది. రెక్క అంచున సగ్గుబియ్యం గింజలు అతుక్కున్నట్టు ఉండే గుత్తి అలాంటి కణాల సముదాయమే. తొట్టి దీపం వెలుగులో భూతద్దం పెట్టి చూస్తే గింజలు విడివిడిగా తెలుస్తాయి.

చాలామంది దీన్ని వైట్ స్పాట్ అనే మరో జబ్బు అనుకుని మందు పోస్తారు. వైట్ స్పాట్‌లో చిన్న చుక్కలు దాదాపు ఒకే సైజులో ఒళ్లంతా పరుచుకుంటాయి. రోజుల్లోనే పెరిగిపోతాయి, చేప రాళ్లకేసి ఒళ్లు రుద్దుకుంటుంది. లింఫోసిస్టిస్ గడ్డలు ఎగుడుదిగుడుగా, గుంపుగా, వారాల తరబడి నిదానంగా పెరుగుతాయి. చేప మామూలుగానే మేత తింటుంది.

ఈ వైరస్‌ను చంపే మందు లేదు. రాగి మందులు, మలకైట్ గ్రీన్ చేపను నీరసపరచడమే తప్ప మేలు చేయవు. గడ్డలను గోకడం, కత్తిరించడం ఇంకా ప్రమాదం: పగిలిన కణాల నుంచి వైరస్ నీళ్లలో కలుస్తుంది, పుండులో బాక్టీరియా చేరుతుంది. గడ్డ చుట్టూ ఎర్రబడితేనే యాంటీబయాటిక్ అవసరం, అదీ వైద్యుడి సలహాతో. చేపను వేరే తొట్టిలోకి మార్చి, నీళ్లు తరచూ కొంత కొంత మారుస్తూ, కిక్కిరియనివ్వకుండా, మంచి మేత వేస్తే చాలా వరకు కొన్ని వారాల్లో, ఒక్కోసారి నెలల్లో గడ్డలు వాటంతట అవే రాలిపోతాయి. నోటి దగ్గరో మొప్పల్లోనో పెరిగినప్పుడే ప్రాణం మీదికి వస్తుంది. తగ్గిన చేపలోనూ వైరస్ మిగిలి ఉండొచ్చు, ఒత్తిడి కలిగితే గడ్డలు మళ్లీ లేస్తాయి.

ఆ ఒత్తిడి చాలాసార్లు మనుషులు తెచ్చిపెట్టేదే. మన దేశపు చెరువుల్లోనూ దొరికే గ్లాస్ ఫిష్‌కు సూదితో రంగు ఎక్కించి అమ్మడం క్రూరత్వం. బ్రిటన్‌లో 1990లలో పరిశీలించినప్పుడు, రంగు ఎక్కించిన చేపల్లో ఈ జబ్బు మామూలు వాటిలో కంటే చాలా ఎక్కువగా కనబడింది. అలాంటి చేపలు కొనకూడదు. కొత్తగా తెచ్చిన ఏ చేపనైనా నెల రోజులు విడిగా ఉంచి, దాని వలా సైఫన్ గొట్టమూ వేరుగా పెట్టుకోవాలి.