తెల్ల పింగాణీ బొమ్మలపై ముద్రలు

చీనా పింగాణీ జైతూన్, సీన్ కలాన్ నగరాలలోనే తయారవుతుందని 14వ శతాబ్దపు యాత్రికుడు ఇబ్న్ బతూతా వ్రాశాడు. ఆ జైతూన్ నేటి చువాన్‌జౌ రేవు. దాని వెనుక కొండల్లో ఉన్న దెహువా తెల్లని పింగాణీ బొమ్మలకు ప్రసిద్ధి. కొన్నింటి వీపుపై సొరకాయ ఆకారంలోనో, చతురస్రంగానో ముద్ర ఉంటుంది. మింగ్ వంశపు చివరి కాలపు శిల్పి హె చావోజోంగ్ పేరున్న ముద్రకు విలువ మెండు. చిక్కంతా అక్కడే ఉన్నది. ముద్రను పచ్చి మట్టిలో అదిమి, పైన గాజు పూత పూసి కాల్చేవారు. తరువాతి శతాబ్దాల పనివారు కూడా ఆయన పేరునే అదే పద్ధతిలో అదిమారు! కనుక పూత కింద ముద్ర ఉన్నంత మాత్రాన బొమ్మ కాలం రుజువు కాదు. 17వ శతాబ్దపు పూత తరచు దంతపు వన్నెలో ఉంటుంది. తరువాతివి చాలావరకు మరింత తెల్లగా, కొన్ని నీలి ఛాయతో ఉంటాయి. వస్త్రపు మడతలు, వేళ్ల పనితనం కూడా చూడవలసినవే. ముద్ర లేని మేలైన బొమ్మలూ అనేకం ఉన్నాయి.