అడ్డపొగ సర్వే చెప్పిన పాఠం

చుట్టను నిప్పు ఉన్న కొస నోటి లోపలికి పెట్టి కాల్చడాన్ని ఉత్తరాంధ్రలో అడ్డపొగ అంటారు. ఈ అలవాటు మగవారికంటె ఆడవారిలోనే ఎక్కువ. సెగ నేరుగా అంగిలికి తగులుతుంది. ఇతర దేశాల్లో అరుదైన అంగిలి క్యాన్సర్ మన కోస్తాలో ఎందుకింతగా కనబడుతోందో వివరిస్తూ డి.జి. రెడ్డి, వి.కె. రావులు 1957లో ఒక వ్యాసం ప్రకటించారు.

అయితే ఆసుపత్రి లెక్కలకు ఒక పరిమితి ఉంది. ఆసుపత్రికి వచ్చినవారే అందులో ఉంటారు. అంగిలి మీది తెల్లమచ్చ నొప్పి పెట్టదు. నొప్పి లేనిదే వైద్యుని గడప తొక్కే అలవాటు మన పల్లెల్లో తక్కువ. వచ్చేసరికి మచ్చ పుండై ఉంటుంది.

ఈ చిక్కును దాటింది 1960లలో జరిగిన ఒక సర్వే. బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లోని దంత పరిశోధన విభాగం వారు, మెహతా, పిండ్‌బోర్గ్ ప్రభృతులు, అయిదు జిల్లాలలో 50,915 మంది గ్రామస్థుల నోళ్ళు పరీక్షించారు. అందులో శ్రీకాకుళం జిల్లావారు 10,169 మంది. రోగి కోసం ఎదురుచూడకుండా వైద్యులే ఊళ్ళోకి వెళ్ళడం ఇందులోని విశేషం. 1970ల చివర ఇదే జిల్లాతో బాటు మరి రెండు జిల్లాలలో 36,000కు పైగా పొగాకు వాడకందార్లను ఏటేటా చూస్తూ, మానమని నచ్చజెప్పారు.

ఇంటికి వెళ్తే చాలునా? దీనికి జవాబు కేరళలో దొరికింది. 1996లో తిరువనంతపురం జిల్లాలో మొదలైన పరిశోధనలో, పరీక్షకు ఎంచుకున్న 96,517 మందిలో 87,655 మంది, అంటే నూటికి 91 మంది, కనీసం ఒకసారి నోరు చూపించుకున్నారు. అనుమానం కలిగిన 5,145 మందిని వైద్యుల వద్దకు వెళ్ళమన్నారు. వెళ్ళినవారు 3,218 మంది, నూటికి 63. ఇంటి ముంగిట 91గా ఉన్న సంఖ్య ఆసుపత్రి వాకిట 63కు పడిపోయింది. అయినా పొగాకు, మద్యం అలవాట్లున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు మూడోవంతు తగ్గినట్లు 2005లో తేలింది.

మన కోనసీమ వైపు చూద్దాం. రామచంద్రపురం నుంచి కాకినాడ సుమారు 30 కిలోమీటర్లు. అక్కడ రంగరాయ వైద్య కళాశాల 1958 నుంచీ ఉంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల క్యాన్సర్ శస్త్రచికిత్స ఖర్చు పేదవాని నెత్తి మీద నుంచి చాలావరకు దిగింది. కాని ఆరోగ్యశ్రీ ప్రధానంగా జబ్బు బయటపడ్డాక ఆదుకొనే పథకం. జబ్బును వెదికే పని వేరు.

ఆడవారి సంగతి మరీ ఆలోచించదగ్గది. కాన్పులకు, పిల్లల టీకాలకు వారు ఆసుపత్రికి వెళ్తారు. ముప్పై దాటేసరికి ఆ రాకపోకలు తెగిపోతాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కోసం చూడవలసిన వయసు సరిగ్గా అప్పుడే మొదలవుతుంది! 2016లో కేంద్రం ముప్పై దాటినవారందరికీ నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార పరీక్షలు అయిదేళ్ళకొకసారి జరగాలని నిర్దేశించింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30-49 ఏళ్ళ స్త్రీలలో ఎప్పుడైనా గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి ఇద్దరు కూడా లేరు. రొమ్ము పరీక్షకు ఒక్కరైనా లేరు.

వైద్యునితో పరిచయం ఉన్నవారే పరీక్షకూ వస్తారు. పరిచయం లేనివారికే ముప్పు ఆలస్యంగా తెలుస్తుంది. గడప దగ్గరికి వచ్చిన ఆశా కార్యకర్త "ఒకసారి చూపించుకోండమ్మా" అని చెప్పి వెళ్ళిపోతే సగం పనే అయినట్లు. ఆ అమ్మ వెంట కాకినాడ బస్సు ఎక్కే మనిషి ఒకరు ఉంటేనే తక్కిన సగం పూర్తవుతుంది. ఆ మనిషి ఇంట్లో చదువుకున్న కొడుకో కూతురో కావచ్చు, అంటే, మనమే.