డిజిటల్ సినిమా ప్యాకేజీ పరిశీలన

డిజిటల్ సినిమా ప్యాకేజీ పరిశీలన అనగా సినిమాహాళ్ళకు పంపే డిజిటల్ ప్రతిలోని (డీసీపీ) ఫైళ్ళు తయారైనప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయా, దారిలో ఏమైనా చెడిపోయాయా అని కమాండ్ లైన్ ఉపకరణంతో తేల్చుకునే పని. లినక్సు సాఫ్టువేరు ప్యాకేజీలను స్థాపించే ముందు సరిచూసే పద్ధతికి ఇది చాలా దగ్గరగా ఉంటుంది. హైదరాబాదులోని జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతాలు తెలుగు సినిమా పరిశ్రమకు కేంద్రం. ఫిల్మ్‌నగర్‌లోని రామానాయుడు స్టూడియో, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టుకు చేరువలోని అన్నపూర్ణ స్టూడియో వంటి చోట్ల పోస్ట్ ప్రొడక్షన్ పనులు జరుగుతాయి. అక్కడ పూర్తయిన సినిమా ప్రేక్షకుడిని చేరేలోపు అనేక డిస్కులు, అనేక చేతులు మారుతుంది. ప్రతి మార్పు దగ్గరా అది చెడిపోయే అవకాశం ఉంది.

నేపథ్యం

ఫిలిం కాలంలో సినిమా రీళ్ళ డబ్బాలలో ప్రయాణించేది. పంపిణీదారులు దానిని "బాక్సు" అనేవారు. 35 మి.మీ. ఫిలిం సెకనుకు 24 ఫ్రేముల వేగంతో నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది కనుక రెండున్నర గంటల సినిమాకు 13,500 అడుగుల ఫిలిం అవసరమయ్యేది. ప్రింటుపై గీతలు పడినా, ఎక్కడైనా తెగినా ఆపరేటరు అతికించి ఆట నడిపించేవాడు. డిజిటల్ ప్రతికి ఆ వెసులుబాటు లేదు. ఫైలు దెబ్బతిన్న చోట బొమ్మ గళ్ళుగళ్ళుగా విరిగిపోవచ్చు, శబ్దం ఆగిపోవచ్చు, లేదా సర్వరు ఆ ఫైలును అసలు స్వీకరించకపోవచ్చు. పైగా గీత పడ్డ ప్రింటును చేతిలోకి తీసుకుంటే తెలిసేది. పాడైన ఫైలును చూస్తే ఏమీ తెలియదు.

హాలీవుడ్‌కు చెందిన ఏడు స్టూడియోలు 2002లో డిజిటల్ సినిమా ఇనిషియేటివ్స్ అనే ఉమ్మడి సంస్థను ఏర్పాటు చేశాయి. ఆ సంస్థ 2005 జూలైలో తన సాంకేతిక నిర్దేశాల మొదటి కూర్పును ప్రకటించింది. ప్యాకేజీ నిర్మాణాన్ని తరువాత ఎస్ఎమ్‌పీటీఈ అనే సంస్థ ప్రమాణాలుగా ప్రచురించింది. తెలుగు రాష్ట్రాలలోని హాళ్ళన్నీ ఈ పద్ధతిలోకి రాలేదు. యూఎఫ్ఓ మూవీజ్, క్యూబ్ సంస్థలు తమ సొంత సర్వర్లతో, ఉపగ్రహ ప్రసారంతో ఎన్నో హాళ్ళను డిజిటల్ బాట పట్టించాయి. ఆ ప్రతులకు ఈ వ్యాసంలోని వివరాలు యథాతథంగా వర్తించవు. అమెరికా వంటి దేశాలలోని హాళ్ళకు మాత్రం డీసీపీయే పంపాలి. తెలుగు సినిమాల తొలి ఆటలు తరచుగా అక్కడ ముందురోజే పడతాయి కనుక, చెడిపోయిన డిస్కుకు బదులు మరొకటి పంపే వ్యవధి ఉండదు.

ప్యాకేజీ నిర్మాణం

డీసీపీ అనేది ఒకే ఫైలు కాదు, ఒక ఫోల్డరు. బొమ్మ, శబ్దం వేర్వేరు ఎమ్ఎక్స్ఎఫ్ ఫైళ్ళుగా, సాధారణంగా రీలుకు ఒక జత చొప్పున ఉంటాయి. ఏ రీలు తరువాత ఏది రావాలో కూర్పు జాబితా (సీపీఎల్) చెబుతుంది. ఏ ఫైలు ఎక్కడ ఉందో చూపే పట్టిక ఒకటి ఉంటుంది. పరిశీలనకు కీలకమైనది ప్యాకింగు జాబితా (పీకేఎల్). అందులో ప్రతి ఫైలుకూ ఒక గుర్తింపు సంఖ్య, బైట్లలో పరిమాణం, షా-1 పద్ధతిలో లెక్కించిన హాష్ విలువ వ్రాసి ఉంటాయి. ఫైలులో ఒక్క బిట్టు మారినా హాష్ విలువ పూర్తిగా మారిపోతుంది.

2కే బొమ్మకు సెకనుకు గరిష్ఠంగా 250 మెగాబిట్లు అనుమతిస్తారు. ఆ లెక్కన 150 నిమిషాల సినిమా బొమ్మ ఒక్కటే 281 గిగాబైట్ల వరకు ఉండవచ్చు.

పరిశీలించే విధానం

ముందుగా ఫైళ్ళ పరిమాణాలను జాబితాతో పోల్చడం మంచిది. మధ్యలో ఆగిపోయిన కాపీ అక్కడే క్షణాలలో బయటపడుతుంది. ఆ తరువాత హాష్ లెక్కించాలి.

ఇక్కడ కొత్తవారు తరచుగా పొరబడతారు. లినక్సులోని షా1సమ్ ఆదేశం ఫలితాన్ని 40 అక్షరాల షోడశాంశ రూపంలో చూపుతుంది. ప్యాకింగు జాబితాలో అదే విలువ బేస్64 రూపంలో, 28 అక్షరాలలో ఉంటుంది. రెండూ ఒకే 20 బైట్లు అయినా చూపుకు పోలిక ఉండదు. మంచి డిస్కును చెడ్డదని తిప్పిపంపడానికి ఈ పొరపాటు చాలు. ఓపెన్ఎస్ఎస్ఎల్ ఉపకరణంతో హాష్‌ను ముడి బైట్ల రూపంలో తీసుకొని, దానిని బేస్64 ఆదేశానికి అందిస్తే జాబితాలోని వరుసతో నేరుగా పోల్చవచ్చు. ఇంత శ్రమ లేకుండా ఫోల్డరు మొత్తాన్ని సరిచూసే ఉచిత ఉపకరణాలు కూడా ఉన్నాయి. డీసీపీ-ఓ-మాటిక్‌కు ఆధారమైన లిబ్‌డీసీపీతో వచ్చే డీసీపీవెరిఫై, పైథాన్‌లో వ్రాసిన క్లెయిర్‌మెటా అటువంటివి. ఇవి హాష్‌లతోపాటు జాబితాల వ్యాకరణాన్ని, ప్రమాణాలకు లోబడి ఉన్నదీ లేనిదీ పరీక్షిస్తాయి.

200 గిగాబైట్ల ప్యాకేజీని సెకనుకు 100 మెగాబైట్ల వేగంతో చదివితే సుమారు 33 నిమిషాలు పడుతుంది. అదే డిస్కును పాత యూఎస్‌బీ 2 ద్వారా సెకనుకు 30 మెగాబైట్ల వేగంతో చదివితే దాదాపు రెండు గంటలు కావాలి. విడుదల హడావుడిలో ఈ సమయాన్నే ముందుగా కోసేస్తారు. కాపీ ముగిసిన వెంటనే సరిచూడడంలోనూ ఒక చిక్కు ఉంది: చిన్న ఫైళ్ళను, పెద్ద ఫైళ్ళ చివరి భాగాలను కంప్యూటరు డిస్కు నుండి కాక తన జ్ఞాపకం నుండే చదివి సరిగా ఉన్నాయని చెప్పవచ్చు. డిస్కును ఒకసారి తీసి, మళ్ళీ తగిలించి చదివించాలి.

ఎన్‌క్రిప్షన్, తాళంచెవి

పెద్ద సినిమాల బొమ్మ, శబ్దం ఏఈఎస్-128 పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటాయి. నిర్దిష్ట సర్వరుపై, నిర్దిష్ట కాలవ్యవధిలో మాత్రమే పనిచేసే తాళంచెవిని (కేడీఎమ్) వేరుగా పంపుతారు. ప్యాకింగు జాబితాలోని హాష్‌ను ఎన్‌క్రిప్ట్ అయిన ఫైలుపైనే లెక్కిస్తారు. అందువల్ల డిస్కును సరిచూసే వ్యక్తికి తాళంచెవి అవసరం లేదు. సినిమాలో ఒక్క ఫ్రేమునైనా చూడకుండానే పని ముగించవచ్చు. 2013 సెప్టెంబరులో అత్తారింటికి దారేది చిత్రంలోని పెద్ద భాగం విడుదలకు ముందే బయటకు వచ్చి, అక్టోబరు 9న రావలసిన సినిమా సెప్టెంబరు 27నే విడుదలైంది. అటువంటి భయం ఉన్న పరిశ్రమలో ఈ ఏర్పాటు విలువ తక్కువది కాదు. అయితే లీకేజీని ఆపేది ఎన్‌క్రిప్షనే, హాష్ కాదు.

పరిమితులు

హాష్ సరిపోతే ఫైలు మారలేదని మాత్రమే అర్థం. ఫైలు తయారైనప్పుడే శబ్దం తప్పుగా కలిస్తే, ఆ తప్పు కూడా చెక్కుచెదరకుండా చేరుతుంది. సెన్సారు కత్తిరింపుల తరువాత గానీ, విడుదలయ్యాక నిడివి తగ్గించినప్పుడు గానీ కొత్త ప్యాకేజీ తయారవుతుంది. పాతదీ కొత్తదీ రెండూ పరిశీలనలో నెగ్గుతాయి. కనుక గుర్తింపు సంఖ్యను, కూర్పు పేరును మనిషే చూసుకోవాలి.

ఉపశీర్షికలు లేదా మరో భాష శబ్దం మాత్రమే ఉన్న అనుబంధ ప్యాకేజీల విషయంలో ఇంకో ప్రమాదం ఉంది. వాటి ప్యాకింగు జాబితాలో సొంత ఫైళ్ళే ఉంటాయి. అసలు ప్యాకేజీ డిస్కులో లేకపోయినా హాష్‌లన్నీ సరిపోతాయి, కాని ఆట పడదు. బాహుబలి (2015) మొదలుకొని పలు భాషలలో ఒకేసారి విడుదలయ్యే తెలుగు సినిమాలు పెరిగాయి కనుక ఇది పట్టించుకోవలసిన విషయం.

కావాలని చేసిన మార్పును హాష్ ఒక్కటే పట్టుకోలేదు. ఫైలును మార్చినవారు జాబితాలోని విలువనూ మార్చగలరు. అందుకే ఎన్‌క్రిప్ట్ చేసిన ప్యాకేజీలో ప్యాకింగు జాబితాపై డిజిటల్ సంతకం తప్పనిసరి. ఎన్‌క్రిప్ట్ చేయని లఘుచిత్రాలు, ట్రైలర్ల విషయంలో ఆ నిబంధన లేదు. షా-1 కూడా పాతబడింది. ఒకే హాష్ ఇచ్చే రెండు వేర్వేరు ఫైళ్ళను 2017 ఫిబ్రవరిలో ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ సంస్థ, గూగుల్ పరిశోధకులు తయారుచేసి చూపారు. ప్రయాణంలో జరిగే యాదృచ్ఛిక నష్టాన్ని కనిపెట్టడానికి మాత్రం అది ఇప్పటికీ చాలు.

సాఫ్టువేరు ప్యాకేజీలతో పోలిక

డెబియన్ లినక్సులోనూ ఇదే వరుస కనిపిస్తుంది. ప్యాకేజీ హాష్ ఒక సూచికలో, ఆ సూచిక హాష్ రిలీజ్ అనే ఫైలులో ఉంటాయి. రిలీజ్ ఫైలుపై సంతకం ఉంటుంది. 2007లో వచ్చిన డెబియన్ 4.0 నుండి ఆప్ట్ ఉపకరణం ఈ సంతకాన్ని తనంతట తానే సరిచూస్తున్నది. సినిమా సర్వర్లు కూడా సాధారణంగా ప్యాకేజీని ఎక్కించుకునేటప్పుడు హాష్‌లను లెక్కిస్తాయి. కాని ఆప్ట్ విఫలమైతే ఫైలును మరోసారి దించుకోవచ్చు. సర్వరు విఫలమైనప్పుడు డిస్కు అప్పటికే హాలులో ఉంటుంది, అసలు ప్రతి ఫిల్మ్‌నగర్‌లో ఉంటుంది.